కొండమ్మ తోడు

కొండమ్మ కాగిన పాలలో చిటికెనవేలు ముంచి తీసింది. వేలు ఓర్చుకునేంత వేడి ఉంది. ఇక ఉట్టి మీది అంచు అరిగిన నల్ల ముంత దించి, గరిటెడు తోడు తీసి కలిపి, కుండ మీద మూత పెట్టాలి. కళ్ళు మూసుకుని చేసే పనే. ఇవాళ మాత్రం గరిటె ముంత దాకా వెళ్ళి ఆగింది.

ఎండిన చెయ్యి అది. మోచేతి దాకా పచ్చబొట్టు చుక్కలు, వేళ్ళ సందుల్లో తడికి నాని తెల్లబడ్డ చర్మం. కుండ కింద చుట్టకుదురు పెట్టి పెట్టి నడినెత్తిన జుట్టు పలచబడింది. గురజాలలో ఆమె పెరుగు తినని వీధి లేదు గానీ, ఆమె గురించి చెప్పుకోవడానికి మాత్రం ఎవరి దగ్గరా ఏమీ లేదు. మొగుడు గొర్రెలు తోలుకుని కృష్ణ దాటి వెళ్ళినవాడు వెళ్ళినట్టే పోయాడు. పిల్లలు కలగలేదు. కాపురానికి వచ్చిన నాడు తల్లి ముంతలో పోసి పంపిన తోడు మాత్రం ఈ ఇంట్లో ఒక్కపూట తెగలేదు. కరువు వచ్చినా, కలరా వచ్చినా దాన్ని నిలుపుకుంది. ఎవరింట్లో పిల్లి కుండ దొర్లించినా, ఎవరి పెరుగు జిగురుపడినా ఈ గడపే ఎక్కేవారు. దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదంటారు. ఎవరైనా పొద్దుగూకి వస్తే కొండమ్మ తన దీపం కాస్త ఆలస్యంగా వెలిగించేది. ఆచారానికీ లోటు రాలేదు, అడిగినవాళ్ళకీ లోటు రాలేదు.

నిన్న మిషను ఆసుపత్రిలో దయామణి డాక్టరమ్మ ఆమె ఎడమ రొమ్ములో గడ్డనీ, చంకలో తేలిన బిళ్ళలనీ తడిమి చూసింది.

"పురుగేమన్నా చేరిందా అమ్మా?" అని కొండమ్మే అడిగింది. పురుగైతే తీసెయ్యొచ్చని ఆమె ఆశ.

"పురుగు కాదు కొండమ్మా. నీ కండే. మన ఒళ్ళంతా కంటికి ఆనని కణాలుంటాయి. ఒకటి చీలి రెండవుతుంది, ఆ రెండూ నాలుగవుతాయి. పసిబిడ్డ పెరిగేదీ, తెగిన వేలు మానేదీ అట్లాగే. చాలినన్ని కాగానే ఆగుతాయి. ఎప్పుడో ఒకటి చీలేటప్పుడు తేడా పడుతుంది. దాని పిల్లలకీ, వాటి పిల్లలకీ ఆ తేడాయే వస్తుంది. వాటికిక ఆగడం తెలీదు."

కొండమ్మ బిక్కమొహం వేసుకుని చూసింది. ఆమె పెరుగు అమ్ముకునే మనిషని డాక్టరమ్మకి గుర్తొచ్చింది.

"చెడిన తోడు వేస్తే పెరుగేమవుతుంది?"

"చెడుద్ది."

"రేపు అందులోంచే తోడు తీస్తే?"

"అదీ చెడుద్ది. ఇంకెన్నాళ్ళేసినా అంతేనమ్మా."

"నీ గడ్డ కూడా అట్లాంటిదే."

అంటుకునే జబ్బు కాదనీ, కత్తికి అందే దశ దాటిపోయిందనీ, నొప్పికి మందు ఇస్తాననీ డాక్టరమ్మ తర్వాత చెబుతూనే ఉంది. కొండమ్మ వింటే కదా. అంతకుముందు ఏ చదువుకున్నవాళ్ళ మాటా ఆమెకి ఇంత బాగా అర్థం కాలేదు. తన ఒంట్లో తోడు చెడింది. ఆ ఒంటి చేత్తోనే ఊరందరికీ తోడేస్తోంది. చావంటే ఆమెకి పెద్ద భయం వెయ్యలేదు గానీ, ఈ ఆలోచనకి మాత్రం దారి పొడుగునా భయపడుతూనే నడిచింది.

ఇప్పుడు పాలు చల్లారిపోయాయి. కొండమ్మ గరిటె పక్కన పెట్టి, నిన్నటి పెరుగు కుండ చంకనెత్తుకుని పెరట్లోకి వెళ్ళి పెంటకుప్ప మీద వంచేసింది. పెరుగు నేలపాలు చెయ్యడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఏడుపొచ్చింది. ఏడ్చి, మొహం కడుక్కుని, ఉత్త చేతులతో, రోజూ పెరుగు పోసే వాడిక ఇళ్ళకి బయలుదేరింది.

"బర్రె వట్టిపోయింది, ఇంక పెరుగు లేదమ్మా," అంది కోమట్ల రాజరత్నమ్మ అరుగు దగ్గర.

"మొన్ననేగా ఈనింది. అప్పుడే వట్టిపోవడమేందే?"

అబద్ధమాడితే అతికినట్టుండాలి. కొండమ్మకి ఆ విద్య రాదు. తల వంచుకుని తర్వాతి ఇంటికి నడిచింది. అక్కడా అదే మాట చెప్పింది. దూడ అరుపు మాత్రం ఆమె పెరట్లోంచి వీధంతా వినబడుతూనే ఉంది.

సాయంత్రం పక్కింటి మాబున్నీసా వచ్చింది. జట్కా తోలే అతని భార్య. చేతిలో ఖాళీ ముంత.

"చల్లకొచ్చి ముంత దాచడమెందుకక్కా. మా తోడు పులిసిపోయింది, కూసింత పొయ్యి."

"లేదే."

"లేకపోడమేంది? ఉట్టి మీద కనపడతానే ఉందిగా."

కొండమ్మ ముంత వైపు చూసింది. కుండెడు పెరుగు పారబోసింది గానీ, తల్లి ఇచ్చిన ఆ ముంత జోలికి వెళ్ళడానికి పొద్దుటి నుంచీ చెయ్యి రాలేదు. డాక్టరమ్మ చెప్పిందంతా మాబున్నీసాకి చెప్పింది. మాబున్నీసా ఆమె పక్కనే నేల మీద కూలబడిపోయింది.

"ఆయమ్మ ఏదో నీకర్థమయ్యేట్టు చెప్పిందక్కా. నీ గడ్డకీ పెరుక్కీ ఏంది సమ్మంధం? ఈ వీధంతా నీ తోడేగా. ఎవరికేమైంది?"

"నాకు మాత్రం ఇన్నాళ్ళూ ఏమైంది? లోపల్లోపలే గదే పెరిగింది," అంది కొండమ్మ. లేచి ముంత దించి, గుడ్డ కప్పి ఇచ్చింది. "ఊరి బయట పారబోసి, ముంత పగలగొట్టి రా. నా చేత్తో కావట్లేదు."

మాబున్నీసా ఇంకేం వాదించలేదు. "సరేలేక్కా," అంది. ఒక ముంత చేతిలో, ఒక ముంత పమిట కింద పెట్టుకుని వెళ్ళింది. కొండమ్మ ఆ పూట పొద్దుండగానే దీపం పెట్టింది.

వానలు పడేసరికి కొండమ్మ మంచం దిగడం మానేసింది. మెతుకు సయించేది కాదు. మాబున్నీసాయే ఆమె బర్రె పాలు పితికి కాఫీ హోటలుకి వేసి, పూటపూటా మజ్జిగ కలుపుకొచ్చి తాగించేది.

"ఎవరి తోడే ఇది?" అని ఒకనాడు అడిగింది కొండమ్మ.

"మాచర్ల నుంచి మా ఆడబిడ్డ తెచ్చిందక్కా."

కొండమ్మ రెండు గుక్కలు తాగి, కళ్ళు మూసుకుని చప్పరించింది.

"మా అమ్మ తోడేసినట్టుందే," అంది.

మాబున్నీసా మొహం పక్కకి తిప్పుకుంది. మర్నాడు పాలు పితకడానికి వచ్చేసరికి కొండమ్మ నిద్రలోనే పోయి ఉంది. దూడ అప్పటికే అరుస్తోంది.

జట్కా అతని ఇంట్లో, పొయ్యి వెనక ఎవరికీ కనపడకుండా దాచిన మూల, అంచు అరిగిన నల్ల ముంతలో, ఆ పొద్దుటి పెరుగు మీగడ చెదరకుండా తోడుకుని ఉంది.