తొట్టిలో నీళ్ళెటు పోయాయి?

నాలుగో మనిషి మెట్లు దిగే సమయానికి బాప్తిస్మపు తొట్టిలో నీళ్ళు మోకాలి లోతున ఉన్నాయి. గంట క్రితం, ఆరాధన మొదలైనప్పుడు, అవి నడుము దాటి ఉండేవి. నాలుగో మనిషి బస్సు డ్రైవరు. సీటుకు, స్టీరింగుకు మధ్య ఉన్న చోటంతా తానే నిండే మనిషి. పాస్టరుగారు ఆయన మెడ కింద ఒక చేయి, వీపు కింద ఒక చేయి వేసి వెనక్కి వాల్చారు. మనిషి మునగలేదు. ముక్కు, పొట్ట, మోకాళ్ళు మూడు దీవుల్లాగా పైనే మిగిలిపోయాయి.

"ఇంకా కిందికి పడుకోమంటారా అండీ?" అని ఆయన అమాయకంగా అడిగాడు.

తెల్లబట్టలతో వరసలో నిలుచున్న ఏడుగురిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత ఆ నవ్వు ఎవరి అదుపులోనూ లేదు. ఈ ఒక్క పూట కోసం దూరం నుంచి పిలిపించిన ప్రసంగీకుడు గడియారం చూసుకున్నాడు. నీళ్ళు చీలమండల దాకా దిగి, అక్కడ ఆగాయి.

తొట్టి కట్టిన తాపీ మేస్త్రీ గోడవారగా నిలబడి ఉన్నాడు. అతనికి తల కొట్టేసినట్టయింది. అది సహజమే. అసహజమైనది ఇంకొకటి: అంత అవమానంలోనూ ఒక చిన్న ప్రశ్న అతని బుర్రలో దోమలా తిరిగింది. నీళ్ళు అక్కడే ఎందుకు ఆగాయి? నేల పగిలితే పూర్తిగా పోవాలి కదా?

ఆ ప్రశ్న మరెవరికీ రాలేదు. సంఘానికి కావలసింది నీళ్ళు ఎటు పోయాయన్నది కాదు, తప్పు ఎవరి నెత్తిన పోయాలన్నది. తరువాతి ఆదివారం పాస్టరుగారు ప్రసంగంలో, "కట్టేవాడి విశ్వాసంలో పగులుంటే గోడలోనూ పగులుంటుంది" అన్నారు. పేరు చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేకపోయింది. మూడువందల మెడలు ఒకేసారి ఒకే వైపు తిరిగాయి. కాస్త దయగల వాళ్ళు మాత్రం అతన్ని ఆపి, "అది సాతాను పనిలే" అని భుజం తట్టారు. పిల్లలు అతనికి జల్లెడ మేస్త్రీ అని పేరు పెట్టారు. పెద్దలు పిల్లల్ని మందలించి, తామూ అదే పేరు వాడుకున్నారు.

కూలి ముట్టకుండా, దేవుడికి కానుకగా కట్టిన తొట్టి అది. కట్టేటప్పుడు అతను మూడు రోజులు ఉపవాసం ఉన్నాడు. అడిగింది ఒక్కటే: ప్రభువా, ఇది నిలవాలి. నిలవలేదు. అంటే వినేవాడే లేడు. లేదా ఉండి, విని, కాదన్నాడు. ఈ రెంటిలో ఏది నమ్మినా మోకాళ్ళు వంగడం లేదు. భోజనానికి ముందు ఎప్పుడూ ప్రార్థన చేసేవాడు అతనే. ఇప్పుడు భార్య చేస్తోంది. ఆమె కళ్ళు మూసుకున్నంతసేపు అతను కంచం అంచు చూస్తూ కూర్చుంటున్నాడు. గోడ పోతే మళ్ళీ కట్టగలడు. లోపల పోయిందాన్ని ఎలా కట్టాలో అతనికి తెలియదు, అతని భయమంతా అదే.

ఇది మూడు వారాలు చూసింది అత్తగారు. ఆవిడ ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళు దుప్పట్లు ఉతికి రిటైరైన మనిషి. దేవుడి మీద ఎంత భక్తో, దేవుడి తరఫున మాట్లాడేవాళ్ళ మీద అంత చిరాకు.

"ఏం అల్లుడూ, దేవుడితో పలకడం మానేశావట?"

"నేను మానడమేంటి అత్తగారూ. ఆయనే పలకలేదు."

"ఏమని అడిగావు?"

"నిలవాలని."

"ఎందుకు కారిందని అడిగావా?"

అతను తలెత్తి చూశాడు.

"ఒక్కోసారి దుప్పటి మీద మరక పోయేది కాదు" అందావిడ. "నా పక్కనున్న ఆవిడ ఏడ్చేది, ఇంకొకావిడ తిట్టేది. నేను ఎక్కడిదీ మరక అని చూసేదాన్ని. రక్తమా, మందా, తుప్పా? అది తెలిస్తే సగం పోయినట్టే. నీ తొట్టిని ఇన్నాళ్ళకి ఒక్కడైనా దిగి చూశాడా? అందరూ దాని గురించి ప్రసంగాలు చేసేవాళ్ళే!" ఆవిడ బీరువా తెరిచి బట్టలకు పెట్టే నీలిమందు పొట్లం తీసింది. "ఇదిగో. నీళ్ళెటు పోతే ఇదీ అటే పోతుంది."

తాళంచెవి పాస్టరుగారి దగ్గర ఉంది. ఆయన ఇవ్వడానికి తటపటాయించారు. "కమిటీ వాళ్ళు మట్టి పోసి పూలమొక్కలు వేద్దామంటున్నారయ్యా. వచ్చే ఆదివారం తీర్మానం. ఇప్పుడు చూసి ఏం లాభం?"

"పూడ్చే ముందు దేనివల్ల పోయిందో తెలుసుకోవాలి కదండీ."

తొట్టి సంఘం పెరట్లో ఉంది. సగం నేలలో, సగం పైన. లోపలంతా తెల్లరంగు. మేస్త్రీ అడుగు ఎత్తున నీళ్ళు పెట్టి, అవి కదలకుండా నిలిచేదాకా ఆగి, నీలిమందు కలిపిన చెంబుతో మెల్లగా లోపలికి దిగాడు. తెల్లరంగు చాలా చోట్ల పొలుసులుగా లేచింది. కింద సన్నటి బీటలు, వలలాగా. వాటిలో నీళ్ళు తాగుతున్నది ఏది? ఒక్కో బీట దగ్గర ఒక్కో చుక్క వదిలాడు. చుక్క పొగలా విచ్చుకుని అక్కడే తేలింది. మరొకచోట వదిలాడు. అక్కడా తేలింది. గట్టు మీద కూర్చున్న అత్తగారు ఊపిరి బిగబట్టి చూస్తోంది. ప్రయోగశాలలో కూడా ఇంత నిశ్శబ్దం ఉండదు.

కింది నుంచి రెండో మెట్టు మొదట్లో వదిలిన చుక్క విచ్చుకోలేదు. దారంలా సాగి, గోడలోకి దూరిపోయింది.

"ఆఁ! మింగింది, మింగింది!" అత్తగారు చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

చీలమండల ఎత్తు. గోరు దూరేంత సందు, మెట్టు పొడవునా. దాని వెనుక మెత్తటి మట్టి, ఆ పక్కనే కాలువ. నీళ్ళు అక్కడ ఆగడానికి కారణం ఇంత సాదాగా ఉంది.

అతను తాపీ కొసతో గోడంతా తట్టుకుంటూ వచ్చాడు. మెట్ల వైపు డొల్ల మోత. ఎడమ గోడ డొల్ల. కుడి గోడా అంతే. వెనుక మూలకు వచ్చేసరికి తాపీ కంగున మోగింది. మళ్ళీ తట్టాడు. రాయి. అదే చెయ్యి, అదే సిమెంటు మాలు, అదే రోజు, అదే ఉపవాసం. ఆ మూల రాయి, మిగతాదంతా పెంకు. గోడ మీదుగా వంగి, ఆ మూల బయటివైపు అడ్డంగా పడి ఉన్న చెక్కల్ని తొలగించి చూస్తే, వాటి వెనుక గోడకు అతుక్కుని గోనెపట్టాల కుప్ప ఒకటి, అందరూ తియ్యడం మరిచిపోయింది, ఇంకా చెమ్మగా ఉంది.

అప్పుడు అతను, ఇన్ని రోజులూ తలుచుకోకుండా తప్పించుకు తిరిగిన సంగతిని, తలుచుకున్నాడు.

సిమెంటు ఎండి గట్టిపడదు. తడిలో ఉండి గట్టిపడుతుంది. కనీసం రెండు వారాలు గోనెపట్టాలు కప్పి, పూటపూటా నీళ్ళు కొట్టాలి. ఐదో రోజున పాస్టరుగారు వచ్చి, "ఇంకా తడుపుతున్నావేంటయ్యా? ఎప్పుడు ఆరాలి, ఎప్పుడు రంగు వెయ్యాలి? ప్రసంగీకుడుగారు మళ్ళీ ఏడాదికి గానీ దొరకరు" అన్నారు. మేస్త్రీ నీళ్ళు నమిలాడు. "ఆరు రోజుల్లో లోకాన్నే చేసిన దేవుడికి తొట్టి ఆరబెట్టడం కష్టమా? నమ్మకం ఉంచు. ఆమేన్ అను." మేస్త్రీ ఆమేన్ అన్నాడు. పట్టాలు తీయించాడు. నాలుగు ఫ్యాన్లు పెట్టించి రెండు రోజుల్లో గోడల్ని అప్పడాల్లా ఎండబెట్టాడు. ఉపవాసం మొదలుపెట్టింది ఆ సాయంత్రమే.

"అంతా ఆ పాస్టరే చేశాడు!" అన్నాడు మేస్త్రీ కోపంగా. "చేసి, నా విశ్వాసంలో పగులుందంటాడా?"

"అన్నాడు. సిగ్గులేని మాట అది. ఆ సంగతి ఆయన మొహం మీదే నేను అడుగుతాను, నాకు వదిలెయ్" అంది అత్తగారు. "కానీ సిమెంటు సంగతి ఆయనకి తెలుసా?"

"తెలీదు."

"నీకు?"

అతను తాపీని గట్టు మీద పెట్టేశాడు.

"తెలిసినవాడివి, 'కాదండీ' అనాల్సిన చోట 'ఆమేన్' అన్నావు. తర్వాత మూడు రోజులు కడుపు మాడ్చుకుని, ఆ మాట కప్పెయ్యమని దేవుణ్ణి బతిమాలావు. పాపం ఆయనేం చేస్తాడు నాయనా? సిమెంటుకి ఆ గుణం పెట్టింది ఆయనే. నీ మొహం చూసి మార్చుకుంటాడా?"

మేస్త్రీ మెట్టు మీద కూర్చుండిపోయాడు. నీలినీళ్ళు పాదాల చుట్టూ ఉన్నాయి. అతనికి ఏడుపు రావలసింది, వచ్చింది ఆశ్చర్యం. దేవుడు వినకపోలేదు. కాదనీ అనలేదు. ఆయన మాట మీద ఆయన నిలబడ్డాడు, ఆ వెనుక మూలన గట్టిగా, తట్టి చూసుకోగలిగినంత గట్టిగా. అబద్ధమాడినది తానొక్కడు. అది తెలియగానే, మూడు వారాలుగా వంగని మోకాళ్ళు వంగాయి. "నాకు తెలుసు ప్రభువా. తెలిసే ఆమేన్ అన్నాను" అన్నాడు. అంతకన్న పెద్ద ప్రార్థన అతను అంతకుముందు చేసి ఉండడు, చేశాననుకున్నవన్నీ దరఖాస్తులు.

ఆ సంఘంలో సాక్ష్యాలకు ఒక అలవాటు ఉంది. రోగం తగ్గినవాడు, ఉద్యోగం వచ్చినవాడు లేచి నిలబడి చెబుతారు. తగ్గనివాడు, రానివాడు కూర్చుని వింటారు. ఓడినవాడికి దేవుడి గురించి చెప్పడానికి ఏమీ ఉండదని ఎవరు నిర్ణయించారో తెలియదు. ఆదివారం సాక్ష్యాల సమయంలో జల్లెడ మేస్త్రీ లేచేసరికి ముందు వరసలు చెవులు కొరుక్కున్నాయి.

"తొట్టిలో పగులు సాతాను వెయ్యలేదండీ" అన్నాడతను. "తడి చాలక పగిలింది. ఇంకా తొమ్మిది రోజులు తడపాలని నాకు తెలుసు. చెప్పడానికి భయపడ్డాను. ఆమేన్ అని, నా పిరికితనానికి విశ్వాసం అని పేరు పెట్టుకున్నాను. లోపలి పూత కొట్టేసి మళ్ళీ పూస్తాను. ఇరవై ఒక్క రోజులు ఎవరూ ఫ్యాన్లు పెట్టకూడదు."

ఎవరూ హల్లెలూయ అనలేదు. ఎక్కడ అనాలో తెలియలేదు.

"మళ్ళీ కారితే?" అని పాస్టరుగారు అడిగారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"మళ్ళీ వెతుకుతానండీ."

వెనుక నుంచి బస్సు డ్రైవరు గొంతు వినిపించింది: "ఈసారి నా కొలతలు తీసుకుని కట్టు బాబూ!"

పూలమొక్కల తీర్మానం ఆ నవ్వులో కొట్టుకుపోయింది.

పని మళ్ళీ మొదలైంది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి మేస్త్రీ పట్టాలు తడిపాడు. తడుపుతూ దేవుడితో మాట్లాడాడు, పక్కన పని చేసే మనిషితో మాట్లాడినట్టు. తొమ్మిదో రోజున పాస్టరుగారు వచ్చి గట్టు మీద నిలబడ్డారు. అంతకు ముందురోజు అత్తగారు ఆయన ఇంటికి వెళ్ళి వచ్చింది. అక్కడ ఏం జరిగిందో ఇద్దరూ చెప్పలేదు.

"ఆ రోజు నువ్వు కాదని ఉంటే" అన్నారు పాస్టరుగారు, "నిజం చెప్పాలంటే, నేను వినేవాణ్ణి కాదు."

"అయినా చెప్పాల్సిందండీ."

"నేనూ ఆ ప్రసంగం చెయ్యకుండా ఉండాల్సింది." ఆయన చెప్పులు విడిచి, గొట్టం అందుకున్నారు. "ఎంత సేపు కొట్టాలి?"

"నేను చాలనేదాకా."

ఇరవై రెండో రోజున తొట్టి నింపారు. నీటి మట్టం దగ్గర మేస్త్రీ పెన్సిలుతో గీత గీశాడు. నింపిన బకెట్ ఒకటి పక్కనే పెట్టి దానికీ గీత గీశాడు. ఎండకు ఎంత పోతుందో బకెట్ చెబుతుంది, అంతకుమించి తొట్టిలో తగ్గితే అది కారడమే. మర్నాడు ఉదయం కమిటీ అంతా వచ్చింది. మేస్త్రీ స్కేలు పెట్టి కొలిచాడు. బకెట్‌లో తగ్గింది స్కేలు మీద రెండు గీతలు. తొట్టిలో తగ్గింది మూడు.

గట్టు మీద ఎవరో నిట్టూర్చారు. అందరికన్న ముందుగా భార్య అతని ముఖంలోకి చూసింది.

మేస్త్రీ తన లోపలికి తాను చూసుకున్నాడు, కాళ్ళకింద నేల జారుతుందేమోనని. జారలేదు. అక్కడ భయం ఉండవలసిన చోట ఒక్క గీత తేడా మాత్రమే ఉంది, ఎటు పోయిందో తెలియని ఒక్క గీత.

"ప్రభువా, ఈసారి మాలులో అబద్ధమేమీ కలపలేదు" అన్నాడు, అందరికీ వినిపించేలాగానే. "అయినా ఎక్కడో పోతోంది. రా, చూద్దాం."

అతను చొక్కా చేతులు మడిచి, నేల మీద బోర్లా పడుకుని, బయటి గోడకు చెంప ఆనించాడు. కాసేపటికి పాస్టరుగారు అతని పక్కన మోకరించారు.

"నన్నేం చెయ్యమంటావు?"

"అటు చివర నుంచి అరచెయ్యి ఆనించుకుంటూ రండి. చల్లగా తగిలిన చోట ఆగండి."

పాస్టరుగారు గోడ మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, మెల్లగా ఇటువైపు రాసాగారు.