నూట నలభై పాసేజీలు

గ్రేస్ ఇంగ్లీషు చదువుతుంటే వినబుద్ధవుతుందని ఆకివీడులో వాళ్ల చర్చి అంతా ఒప్పుకున్న సంగతి. క్రిస్మస్‌కి ఇంగ్లీషు వాక్యం చదివే పని నాలుగేళ్లుగా ఆ పిల్లదే. అది విని విని వాళ్ల నాన్న ఆనంద్ పాల్, చేపల ప్యాకింగ్ షెడ్డులో గుమస్తా, కూతురికి సెంట్రల్ యూనివర్సిటీలో సీటు వచ్చినట్టేనని షెడ్డంతా చెప్పేశాడు.

ఎంట్రన్సు గురువారం, ఏలూరులో. ఆదివారం చర్చి నుంచి రాగానే లిడియా కూర పొయ్యి మీద పడేసి, కూతురి పుస్తకం పట్టుకు కూర్చుంది. ఆవిడ బీఏ ఇన్నాళ్లూ మందు సీసాల మీద తేదీలు చూడ్డానికి తప్ప అక్కరకు రాలేదు. ఇప్పుడైనా పనికొస్తుందేమోనని ఆశ.

పుస్తకం తాడేపల్లిగూడెం కోచింగులో హనుమంతరావు మాస్టారు ఇచ్చింది. నూట నలభై పాసేజీలు, ఒక్కోదానికి నాలుగు ప్రశ్నలు, చివర జవాబులు. ఎక్కడ తెరిచి అడిగినా గ్రేస్ ఠక్కున చెప్పేస్తోంది. ఎనభై మూడో పాసేజీకైతే ప్రశ్న సగంలో ఉండగానే 'బి' అంది. లిడియాకి అనుమానం వచ్చింది. తర్వాతి ప్రశ్నకి కూడా జవాబు 'బి'యే. కావాలని ఎ, బిలు తారుమారు చేసి చదివింది. గ్రేస్ తడుముకోకుండా మళ్లీ 'బి' అంది.

"ఇవన్నీ బట్టీ పట్టావా?"

"అన్నీ కాదమ్మా. జవాబులే. ఇందులోంచే వస్తాయన్నారు మాస్టారు."

ఐదు వందల అరవై అక్షరాలు వరస తప్పకుండా పట్టిన బుర్రని మెచ్చుకోవాలో, తన బుర్ర బాదుకోవాలో లిడియాకి తెలియలేదు. క్యాలెండరు కాగితం చింపి, వెనక తనే నాలుగు లైన్లు ఇంగ్లీషులో రాసింది. వానకి సీమోను చెరువు గట్టు తెగింది. చేపలు పక్కవాళ్ల చెరువులోకి పోయాయి. సీమోనుకి నిద్ర పట్టలేదు. ఎందుకు?

గ్రేస్ చక్కగా, ఆగాల్సిన చోట ఆగుతూ చదివింది. చదివి, ఆప్షన్లు ఎక్కడని అడిగింది. ఆప్షన్లు లేవంటే కాగితం కేసి చూస్తూ ఉండిపోయింది. కూర అడుగంటిన వాసనొచ్చినా ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.

చివరికి లిడియా అదే కథ తెలుగులో చెప్పింది.

"నిద్రెలా పడుతుందమ్మా?" అంది గ్రేస్ వెంటనే. "పక్క చెరువులో కలిసిపోయిన చేపని నాదని ఎలా చూపిస్తాడు?"

కాగితంలో లేని మాట కూడా చెప్పింది పిల్ల. బుర్ర లేక కాదన్నమాట. అందుకు లిడియాకి సంతోషం కలగాల్సింది, ఏడుపొచ్చింది. పొయ్యి కట్టేసి వచ్చి, ఒక్కో మాటకీ అర్థం చెబుతూ ఆ నాలుగు లైన్లూ మళ్లీ చదివించింది. అయ్యేసరికి గంట పట్టింది.

"అక్కడ ఒక్కో పాసేజీ నలభై లైన్లుంటుందమ్మా," అంది గ్రేస్, తనే లెక్క చూసుకుని. ఏడవలేదు. ఏడిస్తేనే బావుండేది, ఓదార్చడం లిడియాకి చేతనవును.

నాన్నకి చెప్పేద్దామంది లిడియా.

"గురువారం దాకా ఆగమ్మా. ఈ నాలుగు రోజులైనా ఆయన్ని సంతోషంగా ఉండనీ."

లిడియా ఇంకో కాగితం చింపింది. ఈసారి రెండే లైన్లు రాసింది.