ఒక గుర్తు తక్కువైన ఉదయం

నేను ఒక పాత కీబోర్డును. ఏ ఊళ్ళో తయారయ్యానో నాకు సరిగా తెలియదు. నా వీపు మీద అంటించిన కాగితంలో సగం చిరిగిపోయింది. ప్లాస్టిక్ ముక్కల మీద అక్షరాలు అచ్చొత్తిందీ, వాటిని నాలో బిగించిందీ యంత్రాలే. మనిషి వేలు మొదటిసారి తగిలింది బొబ్బిలిలో, సుభానీ గారి డీటీపీ షాపులో.

అక్కడ ఆరేళ్ళున్నాను. శుభలేఖలు, దరఖాస్తులు, శ్రద్ధాంజలి పోస్టర్లు. శుభలేఖలో పెదమావయ్య పేరుకి దీర్ఘం పడలేదని గంటసేపు గొడవపడే మనిషే, దరఖాస్తులో తన పుట్టినరోజు తప్పుపడినా చూసుకోకుండా సంతకం పెట్టేసేవాడు. సుభానీ గారు ఏటా మూడుసార్లు రక్తమిచ్చే మనిషి. రక్తనిధిలో కీబోర్డు పాడైందని విని, తను కొత్తది కొనుక్కున్న రోజున నన్ను తువ్వాల్లో చుట్టి అక్కడ ఇచ్చి వచ్చారు.

అలా హైమవతి గారి దగ్గరికి చేరాను. ఆవిడ ల్యాబ్ టెక్నీషియన్. ఇరవయ్యేళ్ళుగా సూక్ష్మదర్శినిలో రక్తకణాలు లెక్కపెడుతున్నారు. కంప్యూటరంటే మాత్రం భయం. నా మీద రెండు వేళ్ళతోనే, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేవారు.

ఒక శనివారం పిడుగు పడి సర్వరు కాలిపోయింది. దాతల పేర్లు, ఫ్రిజ్‌లో ఉన్న ప్రతి రక్తపు సంచి వివరమూ దాచిపెట్టే యంత్రం అది. సోమవారం విజయనగరం నుంచి అబ్రహాం అనే ఇంజనీరు కొత్త సర్వరు తెచ్చి, దాచి ఉంచిన నకలులోంచి సమాచారమంతా అందులో నింపాడు.

"దీనికి బొమ్మలూ బటన్లూ ఉండవు మేడం. మౌసుతో పనిలేదు. నల్ల తెర మీద అక్షరాలు కొట్టి చెబితేనే వింటుంది" అన్నాడు. మర్నాడు వాళ్ళమ్మను అరకు తీసుకెళ్ళాలని తొందరగా వెళ్ళిపోయాడు.

మంగళవారం పొద్దున్న కౌంటర్లో కంప్యూటరు తెరిస్తే పేర్లు లేవు, సంచులు లేవు. సర్వరు దొరకడం లేదన్న ఒక్క వాక్యం తప్ప ఏమీ లేదు.

అదే రోజు జలజ వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, చీరల షాపులో పనిచేస్తుంది. తలసీమియా వల్ల మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాలి. చిన్నప్పటి నుంచి ఎక్కించగా ఎక్కించగా ఇప్పుడు ఆమె ఒంటికి ఏ రక్తమైతే ఆ రక్తం సరిపడదు. సరిపోయేవి రెండు సంచులు ఫ్రిజ్‌లో ఉన్నాయి. నూట నలభై సంచుల్లో అవి ఏవో సర్వరుకే తెలుసు. ఒక్కొక్కటీ పరీక్షించుకుంటూ పోతే సాయంత్రమవుతుంది. జలజ రెండు మెట్లెక్కడానికే ఆయాసపడింది. పెదాలు పాలిపోయాయి.

హైమవతి గారు నన్ను కౌంటర్లోంచి తీసి సర్వరుకి తగిలించారు. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టారు.

"మేడం, నిన్న ఒక పని మరిచిపోయాను" అన్నాడు అబ్రహాం. రైలు చప్పుడులో అతని మాట ఊగుతోంది. "మొదట్లో సర్వరు తన లోపలి మాటే వింటుంది. పక్కగది కంప్యూటర్లు పిలిచినా పలకాలని సెట్టింగుల ఫైల్లో ఒక లైను మార్చాలి. ముందు ఆ ఫైలుకి నకలు తీసుకుందాం. మధ్యలో సొరంగాలొస్తాయి, ఫోను పోతే మళ్ళీ నేనే చేస్తాను."

అతను చెబుతుంటే ఆవిడ కొట్టారు. నకలు అయింది. ఫైలు తెరుచుకుంది. "ఈక్వల్ టు తర్వాత ఒక కొటేషన్, నక్షత్రం గుర్తు, మళ్ళీ కొటేషన్" అన్నాడు. తర్వాత సర్వరును ఆపి మళ్ళీ నడిపించే ఆదేశం కూడా అక్షరం అక్షరం చెప్పాడు. ఆవిడ ఎంటర్ నొక్కారు. ఫోను తెగిపోయింది.

సర్వరు ఆగింది. మళ్ళీ లేవలేదు.

తెర మీద ఎర్రటి అక్షరాలు. అంతవరకు పక్కగదికి వినిపించకపోయినా లోపల బతికే ఉంది. ఇప్పుడు అదీ లేదు. తప్పు ఎక్కడుందో నాకు తెలుసు. తెలుగు టైపింగులో నా కొటేషన్ మీటకే ట అక్షరం వచ్చేది. సుభానీ గారు ఆరేళ్ళు కొట్టిన ట లన్నిటికీ దాని కింది రబ్బరు అరిగిపోయింది. ఒకసారి పలుకుతుంది, ఒకసారి పలకదు. ఆవిడ నొక్కిన రెండో కొటేషన్ నేను పంపలేదు.

"కంగారు పడకక్కా, నేను కూర్చునే ఉంటాలే" అంది జలజ, బెంచీ మీద గోడకి తల ఆన్చి. ఆ మాట అనడానికి మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుంది.

హైమవతి గారు నాలుగుసార్లు ఫోను చేశారు. అందుబాటులో లేరంటోంది. లేచి వెళ్ళిపోతారేమో అనుకున్నాను. అలా చేయలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని ఎర్ర అక్షరాలను మొదటి నుంచి చదివారు. అందులో ఒక లైను నంబరుంది. ఫైలు తెరిచి ఆ లైను దగ్గరికి వెళ్ళారు. నకలులోని లైనును చీటీ మీద రాసుకుని పక్కన పెట్టుకున్నారు. సూక్ష్మదర్శినిలో చూసినట్టే తెర మీదికి వంగి, ఒక్కో గుర్తు మీదా పెన్ను కొన ఆనించి పోల్చారు.

"ఇక్కడ కొటేషన్లు రెండున్నాయి. నాదాంట్లో ఒకటే" అన్నారు నెమ్మదిగా.

మళ్ళీ నొక్కారు. నేను పంపలేదు. తనే సరిగా నొక్కలేదనుకుని ఇంకాస్త గట్టిగా నొక్కారు. నాలో ఉన్న శక్తంతా ఆ మీట కిందే ఉంటే బాగుండుననుకున్నాను. మూడోసారి గుర్తు పడింది. భద్రపరిచి, ఆదేశం కొట్టి, ఎంటర్ నొక్కి చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. కౌంటర్లోంచి గుమస్తా రాజారత్నం గారు కేకేశారు. "వచ్చాయమ్మా, పేర్లు వస్తున్నాయి."

సంచులు దొరికాయి. పరీక్ష పూర్తిచేసి, పన్నెండున్నరకి జలజకు రక్తం ఎక్కించడం మొదలుపెట్టారు. అప్పుడు మోగింది ఫోను.

"మేడం, ఇంక ఏమీ ముట్టుకోకండి" అన్నాడు అబ్రహాం గాభరాగా.

"ముట్టుకున్నానండీ. నడుస్తోంది. నేనే తొందరలో ఒక గుర్తు కొట్టడం మరిచిపోయాను."

ఆ వారంలోనే అతను వచ్చి సర్వరుకీ కౌంటరుకీ కొత్త కీబోర్డులు పెట్టాడు. నేను బీరువా పైన, పాత రిజిస్టర్ల మీద ఉన్నాను. ఇక్కణ్ణుంచి హైమవతి గారు కనిపిస్తారు. ఇప్పుడు ఆదేశాలన్నీ ఆవిడే కొడతారు. ప్రతి గుర్తు దగ్గరా ఆగి, తెర చూసి, పెదాలు కదుపుతూ సరిచూసుకుంటారు. నోటుబుక్కు మొదటి పేజీలో ఇలా రాసుకున్నారు: 'చివరి కొటేషన్ మరిచాను. నా పొరపాటు. జాగ్రత్త.'

చదువుతున్న మీరు ఎప్పుడైనా అటు వెళితే ఆవిడకి ఒక్క మాట చెప్పండి. ఆ రోజు ఆవిడ వేలు తప్పలేదు.