నెక్స్ట్ నొక్కే మనిషి

ఒకిరియా ప్రొజెక్టర్ అద్దం మీద నోటితో ఆవిరి ఊది, చొక్కా అంచుతో గుండ్రంగా ఒక్కసారి తుడిచి, ఒక కన్ను మూసి అందులోకి చూశాడు. కిటికీ అంతా అందులో వేలిగోరంత అయి కనిపించింది. ఆ కిటికీలో మామిడిచెట్టు, చెట్టు కింద జిల్లా కార్యాలయం జీపు, జీపు నీడలో పడుకున్న మేక. రోజూ చూసేదే అయినా అతనికి అది రోజూ ముద్దుగానే ఉంటుంది.

పొడవాటి మనిషి. మెడ మాత్రం ముందుకు వాలిపోయింది. తల నీడ గోడ మీద పడకూడదని ఏళ్ల తరబడి ఒదిగి కూర్చున్నందువల్ల అది అలాగే నిలిచిపోయింది. కనుబొమలు నెరిశాయి. చొక్కా మోచేతుల దగ్గర భార్య అసెకెన్యే వేసిన గోధుమరంగు అతుకులున్నాయి. చెప్పులు పాత టైరుతో కుట్టినవి, నడిస్తే చప్పుడు చెయ్యవు. సమావేశాల హాల్లో పనిచేసే మనిషికి అవే మంచివని అతని నమ్మకం.

కుర్చీలు వెయ్యడం, గోడకు తెల్లగుడ్డ కట్టడం, కరెంటు పోతే జెనరేటర్ తాడు లాగడం అతని పని. అన్నిటికంటే ముఖ్యమైన పని ఆ తర్వాత మొదలవుతుంది. ప్రొజెక్టర్ పక్కన పీట మీద కూర్చుని, ముందు నిలబడ్డ ఆఫీసరు "నెక్స్ట్" అనగానే మీట నొక్కాలి. మలేరియా దోమలు, కర్రపెండలం తెగుళ్లు, మరుగుదొడ్లు, గండ్లు పడిన రోడ్లు, ఈ జిల్లాకు వచ్చిన కష్టాలన్నీ అతని చూపుడువేలి కిందుగానే గోడ మీదికి వెళ్లాయి. ఆఫీసరు ఊపిరి తీసుకునే తీరుని బట్టే మాట ఎప్పుడొస్తుందో అతనికి తెలిసిపోయేది. అయినా ముందుగా నొక్కేవాడు కాదు. కొత్తల్లో ఒకసారి అలా నొక్కితే ప్లానింగ్ ఆఫీసరు ఎంగోరు నిండు సభలో గర్జించాడు. "నా నోట్లోంచి మాట రాకుండా నీ వేలు కదిలిందంటే, ఆ వేలు నీది కాదనుకో!" అందరూ నవ్వారు. మాట లేకుండా బొమ్మ తిరగకూడదు. ఒకిరియా ఉద్యోగంలో నేర్చుకున్న మొదటి పాఠం అదే.

ఇప్పుడు ఎంగోరు రిటైరవుతున్నాడు. అతని కుర్చీలోకి వచ్చిన ఎగిము వయసులో చిన్నవాడు, సెంటు పూసుకునే మనిషి. వస్తూ వస్తూ రాజధాని కంపాలా నుంచి బొటనవేలంత రిమోట్ తెచ్చాడు. నడుస్తూ, తిరుగుతూ, కిటికీ దగ్గర నిలబడి కూడా దానితో స్లైడ్లు మార్చుకోవచ్చు.

"చూశావా ఒకిరియా, నీ వేలు ఇప్పుడు నా జేబులో ఉంది" అన్నాడు ఎగిము. ఆ తర్వాత గొంతు మెత్తబరిచి, "ఈ నెలాఖరుతో హాలు మనిషి పోస్టు తీసేస్తున్నారు. కంప్యూటర్ గదిలో మాత్రం స్లైడ్లు తయారుచేసే మనిషి కావాలి. ఎంగోరు గారి వీడ్కోలుకి నువ్వే స్లైడ్లు చెయ్యి. బాగా నడిస్తే ఆ గదికి నీ పేరు రాస్తా" అన్నాడు.

అందుకని వారం రోజులుగా భోజనాల వేళ ఒకిరియా టైపిస్టు అమోంగిన్ పక్కన కూర్చుని నేర్చుకుంటున్నాడు. రాత్రి చాప మీద పడుకున్నాక కూడా అతని వేళ్లు ఆడుతూనే ఉండేవి. "చీమలు పాకుతున్నాయేమో అనుకున్నా, నీ వేళ్లా?" అని అసెకెన్యే విసుక్కుని అటు తిరిగి పడుకునేది.

వీడ్కోలు ఈ మధ్యాహ్నమే. హాలు ఊడ్చి, గుడ్డ కట్టి, చేతులు సబ్బుతో కడుక్కుని అతను అమోంగిన్ గదికి వెళ్లాడు. కంప్యూటర్ ముట్టుకునే ముందు చేతులు కడుక్కోమని అతనికి ఎవరూ చెప్పలేదు.

"రా బాబాయ్, రా. పెళ్లికొడుకులా తయారయ్యావే!" అంది అమోంగిన్. ఆమె మేజా మీద కాగితంలో వేడి మందాజీలు, నూనెలో వేయించిన తీపి రొట్టెలు ఉన్నాయి. ఒకటి విరిచి సగం అతని చేతిలో పెట్టింది. "తిని, మళ్లీ కడుక్కో. మీటల మీద నూనె పడితే నన్ను చంపుతారు."

కొత్త స్లైడు తెరిచాడు. ఖాళీ గడిలో, శీర్షిక రాయడానికి ఇక్కడ నొక్కండి అని ఉంది. ఆ మాట చూసినప్పుడల్లా అతనికి సంతోషంగా ఉండేది. ఈ ఆఫీసులో తనని ఏదైనా చెయ్యమని ఇంత మర్యాదగా అడిగింది అదొక్కటే. నొక్కాడు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఎంగోరు పేరు కొట్టాడు. అమోంగిన్ చెయ్యి చాపి ఏదో మీట నొక్కింది. పేరులోని అక్షరాలు ఎడమవైపు నుంచి ఒకటొకటే ఎగిరివచ్చి వరుసలో వాలాయి. తొలివానకి పుట్టలోంచి లేచే ఉసిళ్లలా ఉన్నాయి. ఒకిరియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

"మళ్లీ ఎగిరించమ్మాయ్."

"చాల్లే, పట్టుకుని వేయించుకు తినేలా ఉన్నావ్!"

అయినా ఎగిరించింది. ఇద్దరూ చూశారు. ఇంకోసారి ఎగిరించింది.

తర్వాత ఫొటోలు. ఎంగోరు బావికి రిబ్బను కత్తిరిస్తూ, ఎంగోరు మేకలు పంచుతూ, ఎంగోరు ఈ హాల్లోనే గోడ ముందు చెయ్యెత్తి మాట్లాడుతూ. ఎక్కడ నొక్కితే ఫొటో వస్తుందో, మూల పట్టుకుని లాగితే ఎలా పెద్దదవుతుందో, పక్కనుంచి లాగితే మొహం ఎలా సాగిపోతుందో ఒకిరియాకి ఇప్పుడు తెలుసు. మొదటిరోజు ఎంగోరు మొహం గుమ్మడికాయలా సాగిపోయినప్పుడు భయపడి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నీది కూడా ఒకటి పెడదాం బాబాయ్" అంది అమోంగిన్. "ఇన్ని మీటింగుల్లో ఉన్నావు, ఎక్కడో పడే ఉంటావు."

వెతికారు. పాత మంత్రులు వచ్చినవీ, జిల్లా బడ్జెట్ సమావేశాలవీ, తెల్లవాళ్లొచ్చి నీటిపంపు ఇచ్చినవీ అన్నీ తిరగేశారు. ఫొటోలు తీసేవాళ్లందరూ గోడవైపు తిరిగి తీశారు. ఒకిరియా ఎప్పుడూ వాళ్ల వీపు వెనకే ఉన్నాడు. చివరికి ఒకదాంట్లో ఎడమ మూల ఏదో కనిపించింది.

"ఇదిగో! నీ మోచెయ్యి!"

గోధుమరంగు అతుకు. నిజంగా తనదే. ఒకిరియా మొహం తెరకు దగ్గరగా పెట్టి చాలాసేపు చూశాడు. "పెద్దది చెయ్యొచ్చా?"

మూల పట్టుకుని తనే లాగాడు. లాగినకొద్దీ మోచెయ్యి గళ్లుగళ్లుగా విడిపోయి, చివరికి అది చెయ్యో ఎండిన మట్టిబెడ్డో తెలియకుండా అయిపోయింది. అతను మెల్లగా మళ్లీ చిన్నది చేశాడు.

"పోనీలే. ఉన్నంతే ఉండనీ."

బయటినుంచి ఎగిము కేక వేశాడు. అతిథులు వస్తున్నారట, పళ్లేలు చూడాలట. అమోంగిన్ మందాజీ ముక్క నోట్లో వేసుకుని పరిగెత్తింది. ఒకిరియా ఒక్కడే మిగిలాడు. స్లైడ్లన్నీ మొదటినుంచి చూసుకున్నాడు. రంగులు బావున్నాయి, పేరు ఎగురుతోంది, ఫొటోల్లో మొహాలు గుండ్రంగా ఉన్నాయి. అయినా ఏదో తక్కువైనట్టుంది. ఇవాళ పీట మీద ఎవరూ ఉండరు. ముందు నిలబడ్డ మనిషి మాట ఎవరితో అంటాడు? మాట లేకుండా బొమ్మ ఎలా తిరుగుతుంది?

అతనికి చప్పున తోచింది. మొదటి స్లైడుకి వెళ్లాడు. కింద కుడివైపు చిన్న గడి గీసి, అక్షరాలు వెతికి వెతికి కొట్టాడు. నెక్స్ట్. అన్ని స్లైడ్లకీ అలాగే పెట్టాడు. చివరిదానిలో కృతజ్ఞతలు అని ఉంది. దాని కిందా పెట్టాడు.

మధ్యాహ్నం హాలు నిండిపోయింది. కంపాలా నుంచి వచ్చినవాళ్లు ముందు వరుసలో కూర్చున్నారు. ఒకిరియా అలవాటుగా పీటవైపు వెళ్లబోతుంటే అమోంగిన్ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇవాళ నువ్వు అతిథివి" అని వెనక వరుసలో కుర్చీ చూపించింది. తన మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. ఆ హాల్లో కుర్చీలన్నీ వేసింది అతనే గాని, అందులో ఒకదాంట్లో కూర్చోవడం అదే మొదలు.

ఎంగోరు రిమోట్ అందుకుని నొక్కాడు. పేరు ఎగిరి వచ్చింది. చప్పట్లు. దాని కింద కుడివైపు నెక్స్ట్ అని కనబడగానే ఎవరో కిసుక్కుమన్నారు. ఎంగోరు కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. "నెక్స్ట్!" అని బిగ్గరగా అని నొక్కాడు. బావి వచ్చింది, కింద నెక్స్ట్. ఈసారి ముందు వరుస నవ్వింది. మేకలు వచ్చేసరికి హాలంతా ఒక్క గొంతుతో "నెక్స్ట్!" అని అరిచింది. ఎంగోరు నవ్వి నవ్వి రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడీ ఒకిరియా? నా నోట్లో మాట గోడ మీద రాశాడయ్యా దొంగ!"

అతను లేచి నిలబడ్డాడు. అన్ని తలలూ వెనక్కి తిరిగాయి. ఈ హాల్లో అన్ని మొహాలు తనవైపుండటం అతనికి కొత్త. చప్పట్లు కొట్టారు. ఎందుకు నవ్వుతున్నారో అర్థం కాకపోయినా అతనూ నవ్వాడు. వంగిన మెడ కొంచెం నిటారైంది. స్లైడ్లు బాగా నడుస్తున్నాయి, ఇంకేం కావాలి. చివరి స్లైడు దగ్గర అందరూ మళ్లీ అరిచారు, ఎంగోరు నొక్కాడు, గోడ నల్లబడింది. ఆ నలుపు చూసి ఇంకా నవ్వారు.

భోజనాలు మొదలయ్యాక ఎగిము అతన్ని వరండాలోకి పిలిచాడు. పుల్లతో పళ్ల సందులు కుట్టుకుంటూ నిలబడి ఉన్నాడు.

"బాగా నవ్వించావ్. పెద్దవాళ్లు జోకనుకున్నారు. జోకేనా?"

"కాదు సార్. మాట అనకపోతే అది తిరగదు కదా సార్."

ఎగిము అతని మొహంలోకి చూశాడు. తర్వాత పుల్ల పారేశాడు. "కంప్యూటర్ గదిలో మా బావమరిది చేరాడు ఒకిరియా. నిన్ననే."

"నిన్ననా సార్?"

"మరి ఇవాళ్టి స్లైడ్లు ఎవరో ఒకరు చెయ్యాలిగా."

లోపలినుంచి ఎవరో ఎగిముని పిలిచారు. వెళ్తూ, "నెల ఇవాళ్టితో అయిపోయిందిగా, హాలు తాళాలు అమోంగిన్‌కి ఇచ్చెయ్" అన్నాడు.

ఒకిరియా వెళ్లి తాళాలు ఇచ్చాడు. ఆమె ఒక చేత్తో గరిటె, ఇంకో చేత్తో పళ్లేల దొంతర పట్టుకుని ఉంది. తాళాలను పళ్లేల మీదే పెట్టించుకుంది.

"ఇంకా తిన్లేదేం బాబాయ్? ఇవాళ హీరోవి నువ్వు! కోడికూర అయిపోతోంది, రా."

"మీ పిన్ని ఎదురుచూస్తుంటుందమ్మాయ్."

"రేపు పొద్దున్నే తొందరగా రా. అక్షరాల్ని గిరగిరా తిప్పడం నేర్పుతా."

అతను తల ఊపాడు. జీపు పక్కనుంచి, పడుకున్న మేకను లేపకుండా చుట్టూ తిరిగి, గేటు దాటాడు. టైరు చెప్పులు చప్పుడు చెయ్యలేదు. అతను వెళ్లడం ఎవరూ చూడలేదు.

అతిథులు వెళ్లిపోయాక అమోంగిన్ దీపాలు ఆర్పి తలుపు వేసింది. విందు అయ్యాక ఖాళీ సీసాలు ఏరి పెట్టెలో పేర్చే పని ఎప్పుడూ ఒకిరియాదే గనుక, ఆ సాయంత్రం సీసాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. వెనక వరుసలో ఒకిరియా కూర్చున్న కుర్చీ కాలి దగ్గర, అతిథులందరికీ ఇచ్చినట్టే అతనికీ ఇచ్చిన నారింజ సోడా సీసా ఒకటి ఇంకా సగానికి పైగా నిండి ఉంది. అందులో నిలబెట్టిన ప్లాస్టిక్ గొట్టం కొస పళ్లతో కొరికి చదునుగా నొక్కి ఉంది, దాని అంచున ఒక బుడగ పగలకుండా ఆగి ఉంది.