అయిదు బారల తాడు

శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్న కూతురు శ్రావణి పోరు పడలేక గున్నమ్మ ఆ ఆదివారం మాట్నీకి వెళ్లింది. మొగుడు పోయిన ఈ మూడేళ్లలో ఆమె సినిమాహాలు మెట్లెక్కడం అదే మొదలు. హాలువాళ్లిచ్చిన నల్లకళ్లద్దాలు పెట్టుకోగానే నీలం రంగు భూమి గుండ్రంగా తిరుగుతూ ఒళ్లోకి వచ్చి పడబోయింది. చుక్కలు ముక్కు ముందే వేలాడాయి. జనం ఈలలు వేస్తుంటే గున్నమ్మ కూడా కాసేపు నోరు తెరుచుకునే చూసింది.

"మన సంద్రం లాగే ఉన్నాది. ఒడ్డే నేదు," అంది కూతురితో.

తెరమీద రాకెట్టు ముక్కలైంది. ఒకే తాడుకు కట్టుకున్న ఇద్దరు మనుషులు ఆ చీకట్లో కొట్టుకుపోతున్నారు. చిన్నవాడికి ఇనపకమ్మీ దొరికింది గానీ పెద్దవాడి ఈడుపుకు పట్టు జారిపోతోంది. పెద్దవాడు తన నడుం దగ్గర తాడు కోసేసుకున్నాడు. హాలంతా అతని కోసం కళ్లు తుడుచుకుంటుంటే గున్నమ్మ చూపు తాడు మీదే ఉండిపోయింది. తాడు మొత్తం చిన్నవాడి వెంటే వచ్చింది.

కళింగపట్నంలో ఆమె మొగుడు రాముడు, మరిది వెంకీ వేటకెళ్తే, గాలి ముదిరినప్పుడు నడుములకు ఒకే తాడు కట్టుకునేవారు. అయిదు బారలు కొలిచి ఇచ్చింది గున్నమ్మే. తెప్ప తిరగబడ్డ రోజు వెంకీ ఒక్కడే ఒడ్డుకు చేరాడు, నడుముకు తాడుతో. తాడు కొసన కత్తికోత. వల కాళ్లకు చుట్టుకుని మునిగిపోతూ అన్నే తాడు కోసుకున్నాడని వదిన కాళ్లు పట్టుకుని చెప్పబోయాడు. గున్నమ్మ విన్నదా? నరంలేని నాలుక ఎంత మాటయినా అంటుంది. అన్నను కోసుకుని బతికొచ్చినోడివని ఊరందరి ముందూ అనేసింది. వాడు ఆ వారమే ఎక్కడో దూరాన ఉన్న వేరావల్ రేవుకు పోయి బోట్లలో చేరాడు. మళ్లీ ఊరి మొహం చూడలేదు.

సినిమా సగంలోనే లేచి కూతుర్ని లాక్కుని బస్సెక్కింది. ఇంటికి రాగానే చూరులోంచి ఆనాటి తాడు దించి, చేతులు బారచాపి కొలిచింది. అయిదు బారలకు రెండు మూరలే తక్కువ, రాముడి నడుముకు చుట్టినంత. వెంకీ కోసి ఉంటే తన నడుం దగ్గరే కోసేవాడు, వాడి నడుముకు చుట్టిన రెండు మూరలే మిగిలేవి. పుట్టినప్పట్నుంచి తాళ్లూ వలలూ కొలుస్తున్న మనిషి, నెత్తిమీద వేలాడుతున్న దాన్ని ఒక్కసారి కొలిచి చూసుకోలేదు. గున్నమ్మ ఆ తాడు పొట్టకు పొదువుకుని నేలమీద కూలబడింది. మొగుడు పోయిననాడు కూడా అంత ఏడుపు ఏడవలేదు.

శ్రావణి చిన్నాన్నకు ఫోను కలిపి ఇచ్చింది.

"ఒరే వెంకీ, తాడు కొలిసినాన్రా," అంది గున్నమ్మ. "ఆ దినం నిన్ను సెప్పనీనేదు. మీ యన్న ఆకర్ని ఏటన్నాడో ఇప్పుడు సెప్పు."

వెంకీ బోటు ఇంజను చప్పుడుకు దూరంగా జరిగాడు.

"'నువ్వెల్లిపోరా, మీ వదిన నిన్నేటీ అనదు' అన్నాడు వదినా."