చెట్టు దిగాక ఒక రింగ్

ఆ ఆదివారం చేయాల్సిన పనులు ఇవి. నాలో ఉన్న నంబర్లన్నీ కొత్తదానిలోకి ఎక్కించాలి. సిమ్‌ను చిన్న సైజుకు మార్పించాలి. పగలకుండా అద్దం మీద ఇంకో అద్దం అంటించాలి. కనకవ్వ ఫోన్ బ్యాటరీ ఉబ్బిపోయింది కాబట్టి ఆమె సిమ్ తీసి నాలో వేయాలి. ఓదెలు గౌడ్‌కు వేలితో తోయడం, నొక్కిపట్టడం నేర్పాలి. వీటన్నిటికంటే ముందు, అసలు ఏ ఫోన్ కొనాలో తేల్చాలి.

రవళి ఇవన్నీ వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతుంటే ఆమె తండ్రి ఓదెలు గౌడ్ తల వంచుకుని మోకు ముడులు సరిచూసుకుంటూ ఊ కొట్టాడు. మోకు అంటే తాటిచెట్టు ఎక్కేటప్పుడు మనిషి నడుమునూ చెట్టునూ కలిపి చుట్టే తాడు. ఆయన ప్రాణం దాని మీదే ఉంటుంది. ఆయన నడుముకు కట్టిన కత్తుల సంచిలో నేను ఉంటాను.

నేను ఒక మీటల ఫోన్‌ను. ఊళ్లో డబ్బా ఫోన్ అంటారు. అననివ్వండి, నాకేం కోపం లేదు. నన్ను ఎక్కడో ఒక పెద్ద షెడ్డులో తెల్ల టోపీలు పెట్టుకున్న అమ్మాయిలు బిగించారు. ఒక యంత్రం నా మీటలన్నిటినీ నొక్కి చూసింది. తర్వాత నన్ను నడుమెత్తు నుంచి పడేసి చూశారు. పగల్లేదు. ఇక దీనికి ఏ భయమూ లేదని డబ్బాలో పెట్టేశారు. తాటిచెట్టు అనేది ఒకటుంటుందని అక్కడ నాకెవరూ చెప్పలేదు.

మొదట నేను రవళి దగ్గర ఉన్నాను. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమె. కరీంనగర్ హాస్టల్లో నన్ను దిండు కింద పెట్టుకుని పడుకునేది. పరీక్ష పోతుందేమో, బాపు అప్పు చేస్తున్నాడేమో అని ఆమెకు ఎప్పుడూ ఏదో ఒక భయం. ఆ భయాలన్నీ నాకు తెలుసు, ఎందుకంటే ఇంటికి ఫోన్ చేసినప్పుడు వాటిలో ఒక్కటీ చెప్పేది కాదు. డిగ్రీ అయి, ప్రైవేటు బడిలో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చాక టచ్ ఫోన్ కొనుక్కుని, నన్ను చీర కొంగుతో శుభ్రంగా తుడిచి తండ్రి చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే ఓదెలు గౌడ్ నన్ను కత్తుల మధ్య దోపుకుని చెట్టెక్కాడు.

భయం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. కింద నుంచి చూస్తే తాటిచెట్టు కదలదు. పైకి పోతే ఊగుతుంది. గాలి లేనప్పుడు కూడా కొంచెం ఊగుతుంది. సంచి చిరుగులోంచి చూస్తే వాగు ఒక తడి గీతలా, గొర్రెలు చల్లిన బియ్యంలా కనబడ్డాయి. ఓదెలు గౌడ్ ఒక చేత్తో మట్ట పట్టుకుని, ఇంకో చేత్తో గెలను సన్నగా కోసి, కల్లు పట్టే కుండను, అదే లొట్టిని, మార్చి కట్టాడు. ఆయన గుండె చప్పుడు నాకు వినబడుతూనే ఉంది. ఇన్నేళ్లు ఎక్కిన మనిషి గుండె కూడా దిగేటప్పుడు అంత గట్టిగా కొట్టుకుంటుందని ఆయన ఎవరికీ చెప్పలేదు. మగవాళ్లు అలాంటివి ఫోన్లకే వినిపిస్తారు కాబోలు.

ఆ ఏడే పక్క ఊళ్లో ఒక కల్లు గీత కార్మికుడు చెట్టు మీదే ప్రాణం విడిచాడు. సాయంత్రం దాకా ఎవరికీ తెలియలేదు. ఆ సంగతి విన్న రోజున ఓదెలు గౌడ్ భార్య కనకవ్వ అన్నం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు.

"ఇగో, చెప్తున్న ఇను," అంది మొగుడితో. "చెట్టు దిగంగనే నాకు ఒక రింగియ్యి. నేను ఎత్తను. మోగితే సాలు."

"ప్రతి చెట్టుకు రింగిస్తే జనం నవ్వుతరే. ఓదెలు పెండ్లాన్ని ఇడిసి ఉండలేక పోతుండంటరు."

"నవ్వనీ. ముండమోసినంక ఎవ్వలు నవ్వరు."



అప్పటి నుంచి అదే నా ఉద్యోగం. కాళ్లు నేల మీద ఆనగానే ఓదెలు గౌడ్ నన్ను చూడకుండానే బొటనవేలితో ఆకుపచ్చ మీట రెండుసార్లు నొక్కేవాడు. చేతికి కల్లు నురగ ఉన్నా, చెమట ఉన్నా, మట్టి ఉన్నా నాకు పట్టింపు లేదు. అక్కడ ఇంటి అరుగు మీద బీడీలు చుట్టే కనకవ్వ పక్కన ఆమె ఫోన్ మోగి ఆగిపోయేది. ఆమె తలెత్తేది కూడా కాదట. ఇంకో ఆకు తీసుకునేదట. పైసా ఖర్చు లేని మాట అది, ఒక్క అక్షరమూ లేని మాట. నా జన్మకు అంతకంటే గొప్ప పని దొరకదని నాకు అప్పుడే అర్థమైంది.

మరి టచ్ ఫోన్ ఎందుకు? రవళి భయం వల్ల. కాదనడానికి లేని భయం అది. ఓదెలు గౌడ్‌కు వాగొడ్డున కొన్ని చెట్లు, గుట్ట కింద కొన్ని చెట్లు. ఏ రోజు ముందు ఎటు పోతాడో ఆయనకే తెలియదు.

"రింగ్ రాకుంటే యాడ దేవులాడుతరు బాపూ?" అంది రవళి. "టచ్ ఫోనైతే నువ్వు ఏడున్నవో కరీంనగర్ల కూసుండి నేను చూస్త. చుక్క కనవడ్తది."

"సుక్కనా?" అన్నాడు ఓదెలు గౌడ్. "ఆకాశంల సుక్కనైతే గాదు గదా బిడ్డా?"

కనకవ్వ ఆయన నోటి మీద ఒక్కటిచ్చింది.

దుకాణంలో జరిగింది మీకు చెప్పాలి. ఫోన్ ఎంచుకోవడానికి మనుషులు చాలా చూస్తారు. కెమెరా, రంగు, పక్కింటివాళ్లది ఏదో. ఓదెలు గౌడ్ చూసినవి వేరు. దుకాణదారుడు ఒక్కొక్కటే తీసి గాజుబల్ల మీద పరిచాడు.

"కాకా, ఇండ్ల కెమెరా చూడుండ్రి. మొఖం పాలలెక్క వస్తది."

"నా మొఖం తాటిచెట్టు సూస్తదా? ఇది చెప్పు, నీళ్ల చేతికి పనిచేస్తదా?"

ఆయన అక్కడున్న నీళ్ల సీసా మూత తీసి, వేళ్లు తడుపుకుని, మెరిసే అద్దం మీద పెట్టాడు. అద్దం మీద బొమ్మలు చెల్లాచెదురయ్యాయి. దుకాణదారుడు అదిరిపడి గుడ్డ అందుకున్నాడు.

"గట్ల జేస్తే ఎట్ల కాకా! ఫోన్‌తోని స్నానం జేస్తరా?"

రవళి నేల చూపులు చూసింది. ఓదెలు గౌడ్ మాత్రం పట్టించుకోలేదు. తర్వాతి ఫోన్‌ను నడుము దగ్గర దోపుకున్నాడు. దుకాణం మధ్యలో ఉన్న స్తంభాన్ని రెండు చేతులతో వాటేసుకుని, మోకాళ్లు వంచి, చెట్టెక్కినట్టు నాలుగుసార్లు లేచి కూర్చున్నాడు. ఫోన్ జారి పడింది. ఇంకోటి దోపుకున్నాడు. అదీ జారింది. మూడోది కొంచెం చిన్నది, వెనక గరుకుగా ఉంది. నిలిచింది.

"గిదియ్యి," అన్నాడు.

తడిచేతి సంగతి ఇక అడగలేదు. కూతురు ముఖం చూశాడు, అడగలేదు. నేను ఆయన చొక్కా జేబులోంచి అంతా చూస్తూనే ఉన్నాను. నాకు భయం వేసింది. నన్ను మూలన పడేస్తారని కాదు. ఈయన ఇవాళ ఒక ప్రశ్న మింగేశాడని.

అలా నేను కనకవ్వ సిమ్‌తో అరుగు మీదికి చేరాను. బీడీల చాట అంచున నా చోటు. నేల మీద ఉన్నాను కదా, ఇక భయం ఉండదనుకున్నాను.

మొదటి వారం ఓదెలు గౌడ్ రింగ్ ఇవ్వాలనే చూశాడు. చెట్టు దిగాక చేతులు తువ్వాలకు తుడుచుకున్నా జిగురు పోయేది కాదు. ఒక పొద్దున సంచిలో కొత్త ఫోన్ దానంతట అదే నొక్కుకుని టెంట్ హౌస్ ఆయనకు ఫోన్ పోయింది. ఆయన నిద్రమొహంతో, "ఏంది గౌడ్ సాబ్, పొద్దుపొద్దుగాలనే టెంటు కావాల్నా? ఏమన్న కార్యమా?" అని అడిగాడట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి ఓదెలు గౌడ్ పడీపడీ నవ్వాడు. కనకవ్వ నవ్వలేదు, టెంటు చావుకు కూడా వేస్తారు. ఆయనకు దిష్టి తీసి మంటలో ఉప్పు వేసింది.

"రింగ్ వద్దు తియ్యమ్మా," అంది రవళి ఫోన్లో. "నేను చూస్తనే ఉంట గదా."

రింగ్ ఆగిపోయింది. అప్పుడు తెలిసింది నాకు, కింద ఉండే భయం ఏమిటో. పైన ఉన్నప్పుడు చెట్టు ఊగుతుంది, గుండె కొట్టుకుంటుంది, ఏం జరుగుతున్నదో కళ్ల ముందే ఉంటుంది. కింద ఏమీ ఉండదు. ఆకు, పొగాకు, దారం. కనకవ్వ బీడీ చుడుతూ మాటిమాటికీ నావైపు చూసేది. నేను మోగేదాన్ని కాదు. ఆమె చుట్టిన బీడీలు వదులై విడిపోయేవి. కంపెనీ సేటు వాటిని ఏరి పక్కన పారేసేవాడు.

ఎండ ఇంకా తగ్గని ఒక పగటి పూట ఆమె ఉండబట్టలేక నన్ను అందుకుని ఆయనకు ఫోన్ చేసింది. అవతల మోగింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. వెంటనే కూతురికి చేసింది.

"బాపు ఏడున్నడో చూడు బిడ్డా."

"వాగొడ్డు చెట్ల కాడ్నే ఉన్నడమ్మా. కదుల్తలేడు, గంతే. కూసున్నడేమో."

"చెట్టు కాడ అంటే, పైననా, కిందనా?"

అవతల బడిపిల్లల గోల వినబడింది. రవళి అంది, "గది సూపియ్యదమ్మా."

చాట బోర్లాపడింది. కనకవ్వ చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. నన్ను ఆమె పిడికిట్లో ఎంత గట్టిగా పట్టుకుందంటే నా మీటలు వాటంతట అవే నొక్కుకుంటున్నాయి. ఉరుకుతూనే ఓదెలు గౌడ్ చిన్నాయన కొడుకు సదయ్యకు ఫోన్ చేసింది. అతనూ గీత కార్మికుడే.

"సదయ్యా, వాగొడ్డుకు రా. మీ అన్న ఫోన్ ఎత్తుతలేడు."

"వస్తున్న వదినా. నువ్వు ఉరుకకు, పడ్తవ్."

వాగొడ్డున చెట్లు ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒకేలా ఉన్నాయి. కల్లు కుండ ఒకచోట ఉంది, మనిషి లేడు. ఆమె పిలిచింది. జవాబు లేదు. తలెత్తితే ఎండ కళ్లలో పొడిచింది. అప్పుడు నన్ను మళ్లీ నొక్కింది. నేను పిలిచాను. ఇన్నేళ్లలో ఎంతమందిని పిలిచానో, ఆ ఒక్కసారి పిలిచినట్టు ఎప్పుడూ పిలవలేదు.

పాట వినబడింది. కొత్త ఫోన్లో రవళి పెట్టిన పాట.

పైనుంచి వినబడింది.

ఆయన మట్టల కింద తలకిందులుగా వేలాడుతున్నాడు. అడుగు జారి మనిషి తిరగబడితే మోకు నడుమును పట్టి ఆపింది. ముఖం నల్లబడిపోయింది. పెదాలు కదులుతున్నాయి. కనకవ్వ అరవలేదు. అరిస్తే ఆయన కదులుతాడని ఆమెకు భయం. చెట్టును రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయింది, అది పడిపోకుండా తనే ఆపుతున్నట్టు.

సదయ్య వచ్చాడు. కల్లు అమ్మే మండువాలో ఉన్న వాళ్లను తాళ్లు తెమ్మని కేకేసి, తను ఆగకుండా ఎక్కేశాడు. ఎక్కుతూ మాట్లాడుతూనే ఉన్నాడు.

"అన్నా, కండ్లు మూయకు. నాతోని మాట్లాడు. పొద్దుగాల ఏం తిన్నవ్?"

చాలాసేపటికి పైనుంచి సన్నగా వచ్చింది. "పచ్చిపులుసు."

"ఉత్త పచ్చిపులుసేనా! వదినె కోడికూర దాసిపెట్టింది పో. దిగినంక ఇద్దరం కల్సి అడుగుదాం."

కింద కనకవ్వ అప్పుడు ఏడ్చింది.

సదయ్య ఒక చేత్తో అన్న తలను తన భుజం మీదికి ఎత్తి పట్టుకుని, తన మోకు మీద ఇద్దరి బరువూ వేసుకుని, తాళ్లు వచ్చేదాకా అలాగే ఉన్నాడు. ఆ చెట్టు మీద ఆ ఇద్దరూ ఊగుతుంటే కింద ఎవరూ ఊపిరి తీసుకున్నట్టు నాకు అనిపించలేదు.

ఓదెలు గౌడ్ బతికాడు. నడుము మాత్రం మునుపటిలా లేదు, ఇక చెట్టెక్కలేడు. ఆసుపత్రి మంచం మీద ఆయన చెప్పిన మాట ఇది. "మోగంగ తీసిన. పచ్చ గుండ్రం ఎంత తోసినా పోలే. చెయ్యంత నురగ. మల్ల నడుం కాడ దోపుకున్న. కింద పడితే పగుల్తది, బిడ్డ పైసలు గంగల కల్సినట్టేనని." తలకిందులుగా వేలాడుతూ ఆ మనిషి ఫోన్ పగలకుండా చూసుకున్నాడు. మనుషుల గురించి ఇంతకంటే వింతైన సంగతి నాకు తెలియదు.

రవళి మంచం కోడు పట్టుకుని, "నేనే గదా రింగ్ వద్దన్న," అని ఏడుస్తుంటే కనకవ్వ ఆమె తల నిమిరింది. "నువ్వు వాగొడ్డు అని చెప్పకుంటే నేను గుట్ట దిక్కు ఉరికేదాన్ని బిడ్డా. ఊకో." అది నిజం. అందుకే టచ్ ఫోన్ మీద నాకు కోపం రాలేదు. అది ఇప్పుడు ఓదెలు గౌడ్ దిండు పక్కనే ఉంటుంది. ఆయన ఎలా తోస్తే అలా వింటుంది. ఆయన చేతులు ఇప్పుడు పొడిగా ఉన్నాయి కదా.

ఓదెలు గౌడ్ చెట్లు సదయ్య గీస్తున్నాడు. నన్ను కనకవ్వ అతని చేతిలో పెట్టింది. "దిగంగనే భాగ్యకు రింగియ్యి," అంది. భాగ్య అతని భార్య, నెలలు నిండుతున్న మనిషి. మొదటి రోజు రింగ్ రాగానే ఎత్తి, "ఏందయ్యా?" అంది. "ఎత్తకే, గదే లెక్క!" అని సదయ్య నవ్వాడు.

ఈ మాటలు నేను మీకు చెట్టు మీద నుంచే చెబుతున్నాను. గాలి లేదు, అయినా ఊగుతోంది. సదయ్య గుండె నా పక్కనే కొట్టుకుంటోంది. వాగు కింద తడి గీతలా ఉంది. నాకు ఇవాళ కూడా భయంగానే ఉంది. అలవాటు పడతానని ఇక అబద్ధం చెప్పను.

మీరెప్పుడైనా ఆ దారిన పోతూ తాటివనం పక్కన ఆగితే, చల్లగా ఒక గ్లాసు తాగితే, తాగేముందు ఒక్కసారి తలెత్తి పైకి చూడండి. అక్కడ ఎవరో ఒకరు ఉంటారు. అతను సదయ్య కాకపోవచ్చు. అయినా సదయ్యను తలచుకోండి. అన్న తలను భుజం మీద మోస్తూ, ఇద్దరి బరువుతో ఒకే తాడు మీద నిలబడి, కోడికూర గురించి మాట్లాడినవాణ్ని గుర్తుపెట్టుకోండి.