బీరమ్మ చెంబు, నారింజ సోడా

"సీసం లేదే! మస్తు సాఫ్ ఉంది!" అని వికారాబాద్ ల్యాబు నుంచి తోటి ఉద్యోగి బిందు ఫోన్లో అరవగానే దేవిక సోడా కొట్టు ముందరే ఒక గంతు వేసింది. పెళ్లయి మూడు నెలలు. తాండూరులో కొత్త కోడళ్లు బజార్లో గంతులు వెయ్యరు. ఎవరూ చూడలేదనుకుని ఇంకొకటి వేసింది.

వెయ్యదా మరి! తను పనిచేసే ఆ ల్యాబులోనే పది రోజుల కిందట మామ కిష్టప్ప చేసే నారింజ సోడాను సరదాకి పరీక్ష చేస్తే, సీసం ఉండకూడనంత ఉందని తేలింది. "పిల్లలు తాగేది. సంగతి తేలేదాక అమ్మను" అని కిష్టప్ప మంచి ఎండాకాలంలో షట్టరు దించేశాడు. కోడలితో మాటలూ బంద్. చెప్పాల్సిందంతా గుంజకు కట్టిన మేకకు చెప్పేవాడు.

"మేకా, చారుల ఉప్పెక్కువైందని కోడలికి చెప్పు."

సాంపిల్‌లోనే ఏదో తేడా వచ్చిందేమోనని రెండోసారి దేవిక మూత తియ్యని బాటిలే ల్యాబుకు పట్టుకెళ్లింది.

"మామా! నీ సోడాల సీసం లేదట!"

కిష్టప్ప అలవాటుగా మేకవైపు చూసి, నాలిక్కరుచుకుని కోడలివైపు తిరిగాడు. "మరి మొదలు సీసం యాడికెళ్లి వచ్చింది బిడ్డా?"

మొదటిసారి, పొద్దున బస్సుకు టైం చాలదని సాంపిల్ డబ్బా నింపే పని దేవిక ముందురోజు సాయంత్రమే అత్తకు అప్పజెప్పింది. "అత్తమ్మా, సోడా బాటిల్ నుంచే పోసినవ్ గదా?"

"గట్లెట్ల పోస్త?" అంది బీరమ్మ. "పెద్ద సార్లు తాగుతరాయె. ముందురోజే కొత్త కళాయి పెట్టించిన ఇత్తడి చెంబుల రాత్రే పోసి పెట్టిన. పొద్దుగాల డబ్బల వంచిన."

"వాళ్లు తాగరు అత్తమ్మా, పరీక్ష చేస్తరు!"

"తాగకుంట ఏం పరీక్షనే?"

దేవికకు నవ్వాగలేదు. చెంబు లోపలి కళాయి పూతలో సీసం కలిసి ఉంటే, పుల్లటి సోడా రాత్రంతా నానుతూ దాన్ని లాగేసి ఉంటుంది.

లోపల్నుంచి ఆమె మొగుడు మల్లేశ్వర్ గ్లాసుతో పరుగున వచ్చాడు. "అవ్వా, గీ నిమ్మకాయ షర్బత్ గూడ గా చెంబుల్నేనా?"

"మరి దేంట్ల కలుపుతరు రా?" అంటూ బీరమ్మ చెంబును కొంగు చాటుకు తీసుకుంది.

మల్లేశ్వర్ గ్లాసును మెల్లగా మొక్కల్లో ఒంపేశాడు. కిష్టప్ప గొంతు సవరించుకుని మళ్లీ మేకవైపు తిరిగాడు.

"మేకా, రేపు పొద్దుగాల షట్టరు ఎత్తుతున్న. ఏడింటి బస్సుకు కోడలెంట చెంబు గూడ వికారాబాద్ పోతదని మీ అవ్వకు చెప్పు."